సూపులో రోజుకో చుక్క

ఫెజ్ నగరం పాతపట్నంలో, ఎండ నేలకి దిగని ఒక సందులో, తోలుచెప్పులు కుట్టే మేస్త్రి తుహామీ ఇల్లు. శుక్రవారం మధ్యాహ్నం, ఆవిరి మీద ఉడికించిన గోధుమరవ్వ కుస్కుస్ పళ్ళెం చుట్టూ మేస్త్రీ, ఆయన భార్య రఖియా, వాళ్ళతోనే ఉండే ఆయన అక్క బతూల్ కూర్చున్నారు. పళ్ళెం పక్కన వేలెడంత సీసా ఒకటి ఉంది. గొడవంతా దాని గురించే.

“జుట్టుకి రాసుకునే నూనె అన్నావు కదమ్మా రఖియా. ఏదీ, ఓ చుక్క తీసి రాసుకో, చూస్తాను.”

“నిన్ననే కదా వదినా హమ్మాంకి స్నానానికెళ్ళి తల రుద్దుకొచ్చాను. ఇవాళెందుకు?”

“వేలెడంత సీసా. ఇది ఏ జుట్టుకి సరిపోతుందే? నీ జుట్టుకా, పిల్లి మీసాలకా?”

“పళ్ళెం ముందు కూర్చుని ఈ మాటలెందుకు చెప్పండి. తినండి వదినా, చల్లారిపోతోంది.”

“ఈ ఇంట్లో తినాలంటేనే భయమేస్తోంది. ఒరేయ్ తుహామీ, నువ్వు మాట్లాడవేరా? ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఎంతసేపు నములుతావు?”

“వింటున్నానక్కా.”

“వింటే చాలదు, అడుగు. నీ పెళ్ళాం, నీ ఇల్లు, నీ ఎముకలు.”

“రఖియా.”

“ఏమండీ.”

“ఆ సీసా... ఏంటది?”

“చెప్పాను కదండీ.”

“అక్కకి చెప్పావు. నాకు చెప్పు.”

“నారింజపూల నీళ్ళు.”

“ఇదిగో! విన్నావా తమ్ముడూ? ఇందాక జుట్టు నూనె, ఇప్పుడు నారింజపూల నీళ్ళు. ఇంకో గంట ఆగితే తేనె అయిపోతుంది. ఎక్కడ దొరికిందో తెలుసా ఇది? పాత వెన్న జాడీ వెనకాల, జీలకర్ర డబ్బాలో. డబ్బాలో పెట్టడం కూడా కాదు, జీలకర్రలో పాతిపెట్టింది! నారింజపూల నీళ్ళని పాతిపెట్టే ఇల్లాలిని ఎక్కడన్నా చూశామా?”

“నా జీలకర్ర డబ్బాలో మీరు చెయ్యెందుకు పెట్టారు వదినా?”

“జీలకర్ర కోసం!”

“మీకు జీలకర్ర పడదు కదా.”

“మాట మార్చకు. సీసా మీద కాగితం ఎవరు పీకేశారు?”

“ఊడిపోయిందేమో.”

“ఊడిపోతే గోటితో గీకిన గీతలు ఎందుకుంటాయి? ఒరేయ్, నీ కళ్ళు సూది రంధ్రంలో దారం ఎక్కించే కళ్ళు కదా, నువ్వు చూడు. గీతలున్నాయా లేవా?”

“ఉన్నాయక్కా.”

“ఉన్నాయి. దీని పేరు ఎవరూ చదవకూడదని గీకింది. ఇంక చెప్తాను విను. ఈ ఇంట్లో అందరం ఒకే పళ్ళెంలో తింటాం. కుస్కుస్ అయినా, మాంసం అయినా ఒకటే పళ్ళెం. అందులో ఎవరూ ఏదీ కలపలేరు, కలిపినవాళ్ళ నోట్లోకీ అదే పోతుంది కాబట్టి. ఒక్క హరీరా సూపు దగ్గరే ఎవరి గిన్నె వాళ్ళది. రోజూ సాయంత్రం ఈవిడ మూడు గిన్నెలూ నింపుతుంది, మనకి వీపు తిప్పుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తర్వాత తెచ్చి నీ గిన్నె నీ ముందు పెడుతుంది. ఎప్పుడన్నా నీ గిన్నె నన్ను తేనిచ్చిందా?”

“మీ చేతులు వణుకుతాయని వదినా.”

“నా చేతులు వణకవే! నిన్న మంత్రాలు వేసే ఫకీహ్ దగ్గరికెళ్ళాను. తుహామీ చొక్కా ఇచ్చాను. సీసం కరిగించి నీళ్ళలో పోశాడు. ఏం తేలిందో తెలుసా? చెయ్యి. ఐదు వేళ్ళతో సహా, ఆడదాని చెయ్యి.”

“కరిగిన సీసం నీళ్ళలో పోస్తే ఏదో ఒక ఆకారం రాదా వదినా? మా అమ్మకి పోసినప్పుడు గాడిదలా తేలింది. అంటే మా అమ్మకి గాడిద మందు పెట్టిందా?”

“నవ్వు, నవ్వు. తోళ్ళ వీధి అబ్దున్నబీ పెళ్ళాం కూడా ఇలాగే నవ్వేది. ఎద్దులాంటి మనిషి, రోజూ గిన్నెలో చిటికెడు చిటికెడు వేసి తినిపించింది. ఏడాది తిరక్కుండా ఎముకల గూడై ప్రాణం వదిలాడు.”

“ఆయనకి చక్కెర జబ్బు.”

“చక్కెర! ఈ రోజుల్లో ఎవరు పోయినా చక్కెరే. సరే, ఇంక నాతో వాదించొద్దు. మీ అన్న హమ్మాదీకి ఫోన్ చేయించాను. మీ ఊరు సెఫ్రూలో బస్సెక్కాడు, సాయంత్రం నమాజు వేళకి ఇక్కడుంటాడు. నీ బట్టలు సర్దుకో.”

“బట్టలు... నా బట్టలెందుకు సర్దుకోవాలి? ఏమండీ, ఏంటీ మాటలు?”

“అక్క నాతో చెప్పే చేసింది.”

“మీతో చెప్పే చేసిందా?”

“నాలుగు రోజులు మీ అన్న దగ్గర ఉండు. తర్వాత చూద్దాం.”

“తర్వాత చూడ్డానికి ఏం మిగులుతుందండీ? మొగుడికి మందు పెట్టిందని పుట్టింటికి పంపిస్తే ఆ ఆడది తిరిగి రావడం మీరెక్కడన్నా చూశారా? ఇరవై రెండేళ్ళు ఈ ఇంటి మెట్లు కడిగాను. సెఫ్రూలో ఏ మొహం పెట్టుకుని నీళ్ళకెళ్ళను? నాకు ఏడుపొస్తోంది, మీరేమో ముద్ద నములుతున్నారు.”

“నమలడం లేదు. మింగాను.”

“మీరు కూడా అదే అనుకుంటున్నారా? వదినని కాదు, మిమ్మల్నే అడుగుతున్నాను.”

“నేనేం అనుకోను రఖియా? ఒళ్ళే చెప్తోంది. మెట్టెక్కాలంటే గోడ పట్టుకోవాలి. తొడలు పట్టేస్తాయి. నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంటుంది. మొన్న కొట్టు గడప దాటబోయి బోర్లా పడ్డాను, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే లేపి కూర్చోబెట్టారు. యాభై రెండేళ్ళకే ఇదేంటి? మా నాన్న డెబ్బయ్యేళ్ళదాకా కుట్టాడు.”

“దానికీ సీసాకీ...”

“పైగా నేను చూశాను.”

“ఏం చూశారు?”

“నువ్వు చుక్క వెయ్యడం.”

“ఎప్పుడు?”

“చాలా రోజులైంది.”

“చాలా రోజులంటే?”

“చాలా రోజులంటే చాలా రోజులే. చలి మొదలైనప్పుడు.”

“చలి మొదలైనప్పుడు చూసి ఇన్నాళ్ళూ ఎందుకడగలేదు?”

“అడిగితే నిజం చెప్పేదానివా? ఇప్పుడు చెప్పావా? నూనె అన్నావు, నీళ్ళన్నావు.”

“అలా అడుగు తమ్ముడూ! ఇప్పుడు మా నాన్న కొడుకువనిపించావు.”

“సరే. అవును, వేశాను. మీ సూపులో చుక్క వేశాను. రోజూ వేశాను, నాలుగు నెలల నించి ఒక్కరోజు తప్పకుండా వేశాను. చాలా?”

“యా లతీఫ్, దేవుడా! ఒప్పుకుంది. కుస్కుస్ ముందు కూర్చుని ఒప్పుకుంది.”

“పూర్తిగా వినండి వదినా. ఏమండీ, చలికాలం మొదట్లో నేనొక సీసా తెచ్చాను, గుర్తుందా? కాగితం మీద పసుప్పచ్చ సూర్యుడి బొమ్మ.”

“కాలవలో పారేశాను, గుర్తే. విటమిన్ డి అనో ఏదో అన్నావు.”

“ఇది అదే. మళ్ళీ కొన్నాను. ఆ సూర్యుడి బొమ్మ చూస్తే దీన్నీ కాలవలో వేస్తారని నేనే గీకేశాను. ఇంకేం లేదు ఇందులో.”

“నేను వద్దన్నాను కదా. నొప్పి లేనివాడికి మందేంటన్నాను.”

“అప్పటికి మీకు నొప్పి లేదు. రాకుండా ఉండాలనే కదా తెచ్చాను.”

“నేను చెప్పనా తమ్ముడూ? రోగం లేనివాడికి మందెవరిస్తారు? రోగం తెప్పించాలనుకునేవాళ్ళిస్తారు.”

“ఏమండీ, మీ పనిలోంచే అడుగుతాను. దారానికి మైనం ఎప్పుడు పట్టిస్తారు? కుట్టకముందా, తెగాకా?”

“కుట్టకముందే.”

“తెగని దారానికి మైనం దేనికి మరి?”

“తెగకుండా ఉండడానికి.”

“ఇదీ అంతే. ఎముక మెత్తబడ్డాక ఏడవడం కాదు, ముందే రోజూ కొంచెం కొంచెం. ఆస్పత్రిలో ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది. ఒంటికి ఎండ తగలని పెద్దవాళ్ళందరికీ రోజూ చుక్క పడాలంది. ఒక్కసారే సీసాడు తాగితే ఒంటికి ఎక్కేది కాదట, పైగా చెరుపట. రోజూ, తప్పకుండా, కొంచెం.”

“ఎండ తగలకపోవడమేంటి? ఎండకి పుట్టినిల్లు మన దేశం. ఎండని సీసాలో కొనుక్కుంటే ఊళ్ళోవాళ్ళు నవ్వరూ?”

“ఎండ దేశానికుందండీ, మన సందుకి లేదు. చెయ్యి చాపితే ఎదుటి గోడ తగులుతుంది. తెల్లవారుజామున నమాజుకి వెళ్తారు, అట్నించటే కొట్టుకి. మీ బజారంతా పైన కప్పే. కొట్లో పట్టపగలు బల్బు వెలుగుతుంది. ఇంటికొచ్చేసరికి దీపాలు పెడతారు. ఎండాకాలం కూడా మీ చేతులు చూడండి, పిండి అద్దినట్టుంటాయి.”

“తోలు పని. తోలు పట్టే చేతులు అంతే.”

“నేనంటే బట్టలారెయ్యడానికి డాబా ఎక్కుతాను. వదిన పొద్దున్నించి డాబా మీదే, పక్కింటి ఆడవాళ్ళతో.”

“గాలికి వెళ్తాను.”

“ఎలా వెళ్ళినా ఎండ తగులుతోంది వదినా. డాక్టరమ్మ బయటూరి పిల్ల, పాపం. ‘మీ ఆయన్ని కూడా రోజూ కాసేపు డాబా మీద చొక్కా విప్పి కూర్చోబెట్టు’ అంది. మేమందరం పొట్ట పట్టుకుని నవ్వాం.”

“డాబా మీదా! మగాడా! ఆడవాళ్ళు జుట్టు ఆరబెట్టుకునే చోటికి మగాడు తలపెడితే సందు సందంతా చెప్పులు విసురుతుంది.”

“అవీ ఈయన కుట్టినవే.”

“హహ్... నన్ను నవ్వించి తప్పించుకుందామనుకోకు. మంచిదే అయితే ఎదురుగా చెప్పి ఇవ్వొచ్చుగా. దొంగతనంగా ఎందుకు?”

“ఎదురుగా ఇస్తే కాలవలో వేశారు వదినా! మీరే పక్కన నిలబడి ‘భళా’ అన్నారు. మా అమ్మ ఇలాగే నొప్పులు నొప్పులంటూ ఒకరోజు గుమ్మంలో పడింది. తుంటి విరిగి మూడేళ్ళు మంచం మీద ఉంది. మూడేళ్ళు నేను తిప్పి పడుకోబెట్టాను. ఆయన్ని అలా చూడలేను. అందుకే దొంగతనం చేశాను. ఇంకా నమ్మకం లేదంటే ఇదిగో, మీ ముందే నా నాలుక మీద వేసుకుంటాను.”

“వద్దు రఖియా!”

“ఏమండీ?”

“వద్దు. ఇంక వద్దు.”

“ఇంక అంటే?”

“ఏం లేదు. మూత పెట్టు.”

“వేసుకోనీరా తుహామీ, ఎందుకాపుతావు? అయినా విరుగుడు ముందే మింగి ఉంటుంది. మందు పెట్టేవాళ్ళకి విరుగుడు తెలీదా?”

“విరుగుడు సంగతి కాదు వదినా, ఇవాళ పొద్దున్నించి నాకు అంతుపట్టనిది ఇంకోటుంది. ఏమండీ, మొన్న మీరు పడ్డప్పుడు ఆస్పత్రిలో రక్తం తీశారు కదా.”

“తీశారు. ఏం విరగలేదన్నారు.”

“విరగలేదని మీకు చెప్పారు. రక్తం కాగితం నిన్న నా చేతికిచ్చారు. ఇదిగో. ఈ విటమిన్ ఇరవైకి పైన ఉండాలట. మీకు ఏడు.”

“ఏడు?”

“ఏడు. మీ నొప్పులన్నీ దానివల్లేనంది డాక్టరమ్మ. ‘ఈయన ఎప్పుడూ ఏమీ వాడలేదా’ అనడిగింది. నాలుగు నెలల నించి రోజూ వాడుతున్నారని చెప్పాను. నా మొహంలోకి చూసి అబద్ధమాడకమ్మా అంది.”

“చూశావా తమ్ముడూ? ఏడు! వేసినకొద్దీ తగ్గిందన్నమాట. ఇంకేం కావాలి సాక్ష్యం?”

“వదినా, ఒక్క నిమిషం. ముందు నేను మందుల కొట్టువాణ్ణి అనుమానించాను. నూనెలో నీళ్ళు కలిపి అమ్మాడనుకుని, పొద్దున్నే వెళ్ళి వాడి మీద విరుచుకుపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది. అదే సీసాలోంచి నేనూ రోజూ ఓ చుక్క వేసుకుంటున్నాను. నా రక్తం కూడా అదే రోజు తీశారు. నాది ముప్పై ఆరు.”

“నీకు ముప్పై ఆరూ, నా తమ్ముడికి ఏడూనా?”

“అదే సీసా. అదే ఇల్లు. నాకు ఎక్కింది, ఈయనకి ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదండీ?”

“నాకేం తెలుసు? నేను డాక్టర్నా?”

“సూపు ఎప్పుడన్నా మిగిల్చారా?”

“గిన్నెలో ఎప్పుడన్నా మిగిలిందా? కడిగేది నువ్వేగా.”

“గిన్నె ఖాళీ అయ్యేది. మీరు తాగారా?”

“ఖాళీ అయ్యేదని నువ్వే అంటున్నావు.”

“నేనడిగింది తాగారా అని.”

“టీ పెట్టు రఖియా. నోరెండిపోతోంది.”

“పెడతాను. తాగారా?”

“ఇదేంటే, నా తమ్ముణ్ణి నిలదీస్తున్నావు? తాగక ఏం చేస్తాడు? ఒరేయ్, చెప్పు, తాగానని చెప్పి పారెయ్.”

“ముందు టీ రానీ అక్కా.”

“ఒరేయ్ తుహామీ?”

“ఆ గిన్నె నేను తాగలేదక్కా.”

“తాగలేదా!”

“మొదటిరోజు తాగాను. వంటింటి గుమ్మంలోంచి చుక్క పడ్డం చూశాక తాగలేదు.”

“మరి నాలుగు నెలలు ఏం చేశారండీ? పారబోశారా?”

“తిండి పారబోస్తానా? రొట్టె ముక్క కిందపడితే ముద్దుపెట్టుకుని గట్టు మీద పెట్టేవాణ్ణి.”

“పిల్లికి పోశారా?”

“పిల్లి ఎక్కడుంది మనకి?”

“అయితే... వదినకా?”

“నాకా! ఒరేయ్ దుర్మార్గుడా, తోడబుట్టినదానికి పోశావా? నాకు ఛాతీ పట్టేస్తోందిరా...”

“నీక్కాదక్కా! నీకు ఎలా ఇస్తాను?”

“మరెవరు తాగారండీ?”

“గిన్నెలు పెట్టాక నువ్వు నిమ్మకాయ కోసం లేస్తావు.”

“లేస్తాను. నిమ్మకాయ పిండందే మీరు ముట్టరని.”

“అప్పుడు.”

“అప్పుడు ఏంటి?”

“గిన్నెలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా.”

“చెప్పండి.”

“నీ గిన్నె ఇటు జరిపేవాణ్ణి. నాది అటు.”

“నేను పక్కనే ఉంటానురా! నేనెందుకు చూళ్ళేదు?”

“ఆ వేళకి నీ సీరియల్ వస్తుంది కదక్కా.”

“అంటే... నువ్వసలు తాగనేలేదు! తాగకపోతే మందు పెట్టిందని నాతో ఎందుకన్నావురా? వాళ్ళన్నని ఎందుకు పిలిపించావు నా చేత?”

“గిన్నె మార్చినా నొప్పి తగ్గలేదక్కా. ఇంకా ఎక్కువైంది. ఇంకెందులోనో కూడా కలుపుతోందనుకున్నాను. టీలోనో, నీళ్ళలోనో. ఇంట్లోంచి పంపిస్తే తప్ప బతకననిపించింది.”

“వదినా, మీరాగండి. ఏమండీ, తలెత్తండి. ఆ గిన్నెలో ఏముందనుకున్నారు?”

“నాకు తెలీదు రఖియా.”

“తెలీదని కాదు, ఏమనుకున్నారు?”

“అబ్దున్నబీకి పెట్టినలాంటిదే అనుకున్నాను.”

“అది మనిషిని ఏం చేస్తుందనుకున్నారు?”

“చంపుతుందని.”

“అంటే, అది చంపుతుందని నమ్మి, నాలుగు నెలలు రోజూ సాయంత్రం దాన్ని నా వైపు జరిపి, నేను తాగుతుంటే నా ఎదురుగా కూర్చుని మీ సూపు మీరు తాగారు.”